గూడ్స్ వ్యాగన్ కిట్: పెట్టె తెరిచిన దగ్గర్నుంచి పట్టాలెక్కే దాకా

మోడల్ రైల్వేలో సొంతంగా ఏదైనా కట్టాలనుకునేవాళ్లు నాలుగు చక్రాల గూడ్స్ వ్యాగన్ కిట్‌తో మొదలుపెట్టడం మంచిది. మోటారు ఉండదు, వైరింగ్ ఉండదు. కొన్ని ప్లాస్టిక్ ముక్కలు, బొమ్మలతో ఒక సూచనల కాగితం, అంతే. తీరిగ్గా కూర్చుంటే రెండు మూడు సాయంత్రాల్లో వ్యాగన్ రూపం వచ్చేస్తుంది. కానీ రూపం రావడం వేరు, పరిగెత్తడం వేరు. రంగు, రాతలు ఎంత ముచ్చటగా ఉన్నా పాయింట్ల (పట్టాలు దారి మార్చే చోట్ల) దగ్గరికి రాగానే పట్టా తప్పే వ్యాగన్ చివరికి అలమరాలోనే ఉండిపోతుంది. చాలాసార్లు కారణం ఒకటే: మూడు చక్రాలు పట్టాను తాకుతుంటాయి, నాలుగోది గాల్లో ఉంటుంది. అందుకే ఇక్కడ రంగుల కన్నా కింది చట్రానికి ఎక్కువ చోటు ఇస్తున్నాను. రంగు నచ్చకపోతే మళ్లీ వేసుకోవచ్చు. చట్రం వంకరగా గట్టిపడితే సరిచేయడం చాలా కష్టం.

ఉదాహరణగా బ్రిటన్‌లో బొగ్గు మోసిన, పైకప్పు లేని చెక్క వ్యాగన్‌ను తీసుకుందాం. 1923లో రైల్వే క్లియరింగ్ హౌస్ (అక్కడి రైల్వే కంపెనీల ఉమ్మడి సంస్థ) ప్రమాణాల ప్రకారం కట్టిన 12 టన్నుల, ఏడు పలకల వ్యాగన్ అది. ఓఓ స్కేల్‌లో కడదాం. ఓఓ అంటే అసలు బండిలో ఒక అడుగుకు మోడల్‌లో 4 మిల్లీమీటర్లు, నిష్పత్తి 1:76.2. అసలు వ్యాగన్ పొడవు 16 అడుగుల 6 అంగుళాలు, ముందు వెనక ఇరుసుల మధ్య దూరం 9 అడుగులు. మోడల్‌లో ఇవి 66, 36 మి.మీ. అవుతాయి. ఈ రెండు అంకెలూ గుర్తుంచుకోండి, మధ్యమధ్యలో సరిచూసుకోవడానికి కావాలి. హెచ్‌ఓ లోనో ఎన్ లోనో (ఇవి ఇంకా చిన్న స్కేళ్లు) కట్టేవాళ్లకు అంకెలు మారతాయి కానీ పద్ధతి ఇదే. ఎన్‌లో అయితే భూతద్దం కూడా దగ్గర పెట్టుకోవాలి.

కిట్, చక్రాలు

వ్యాగన్ కిట్లు ప్లాస్టిక్‌లో వస్తాయి, వైట్‌మెటల్‌లో వస్తాయి, ఎచింగ్ చేసిన (రసాయనంతో ఆకారాలు కోసిన) ఇత్తడి రేకులోనూ వస్తాయి. ఇత్తడికి సోల్డరింగ్ బాగా రావాలి. వైట్‌మెటల్ బరువైనది, మామూలు సోల్డరింగ్ ఐరన్ వేడికే కరిగిపోతుంది. మొదటి వ్యాగన్‌కు ప్లాస్టిక్ తప్ప ఇంకోటి వద్దు.

చాలా కిట్లలో చక్రాలు ఉండవు, విడిగా కొనాలి. ప్లాస్టిక్ చక్రాలు పెట్టెలోనే వచ్చినా వాటిని పక్కన పెట్టి మెటల్ చక్రాలు వేయమనే చెబుతాను. ప్లాస్టిక్ చక్రానికి మురికి త్వరగా పడుతుంది, పైగా బరువు పైన ఉండి కింద తేలిగ్గా ఉంటే వ్యాగన్ ఊగుతుంది. ఓఓ గూడ్స్ వ్యాగన్‌కు సాధారణంగా 12.6 మి.మీ. వ్యాసం ఉన్న చక్రాలు, 26 మి.మీ. పొడవున్న పిన్‌పాయింట్ ఇరుసు వాడతారు. అసలు చక్రం వ్యాసం 3 అడుగుల 1½ అంగుళాలు కాబట్టి ఆ 12.6 సరిపోతుంది. పిన్‌పాయింట్ అంటే ఇరుసు రెండు కొసలూ సూదిగా చెక్కి ఉంటాయి. ఆ సూది మొన మాత్రమే లోహపు బేరింగును తాకుతూ తిరుగుతుంది కాబట్టి రాపిడి బాగా తక్కువ. రెండు పట్టాల్లో కరెంటు నడిచే లైను మీద తిప్పాలంటే ఒక వైపు చక్రానికైనా ఇరుసుకూ మధ్య ఇన్సులేషన్ ఉండాలి. లేకపోతే వ్యాగన్ పట్టాల మీద పెట్టగానే షార్ట్ అవుతుంది.

చక్రాలతో పాటే టోపీ ఆకారంలో ఉండే చిన్న ఇత్తడి బేరింగులు నాలుగు తీసుకోండి. కొందరు ప్లాస్టిక్ గుంటలోనే ఇరుసును తిప్పేస్తారు. కొన్నాళ్లు బాగానే నడుస్తుంది, తర్వాత గుంట అరిగి వ్యాగన్ ఒక మూలకు ఒరుగుతుంది.

చక్రాల లోపలి ముఖాల మధ్య దూరాన్ని మొదట్లోనే కొలవండి. ఓఓలో అది 14.5 మి.మీ.కు దగ్గరగా ఉండాలి. ఇందుకు చిన్న లోహపు గేజ్ దొరుకుతుంది, చక్రాల మధ్య దూర్చి చూస్తే సరి. ఫ్యాక్టరీ నుంచి వచ్చినా సరే, కొలవకుండా నమ్మొద్దు. తేడా ఉంటే ఒక చక్రాన్ని కొద్దిగా తిప్పుతూ ఇరుసు మీద జరపండి. సుత్తితో కొడితే చక్రం పక్కకు వాలి, తిరిగేటప్పుడు ఊగుతుంది.

పనిముట్లు

పదునైన క్రాఫ్ట్ నైఫ్, స్ప్రూ (ముక్కలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ ఫ్రేము) నుంచి ముక్కలు కత్తిరించే చిన్న కట్టర్, సన్నటి ఆకురాయి ఒకటి, 400 నంబరు ఎమెరీ పేపరు, ట్వీజర్, చిన్న మూలమట్టం, చేత్తో తిప్పే పిన్ వైస్, అందులోకి 2 మి.మీ. డ్రిల్ బిట్టు, ప్లాస్టిక్‌ను కరిగించి అతికే లిక్విడ్ సిమెంట్, దాన్ని పూయడానికి సన్నటి బ్రష్షు. వీటన్నిటికన్నా ముఖ్యమైనది అద్దం పలక. అరచేతి కన్నా కాస్త పెద్దదైతే చాలు. చెక్క బల్ల సమంగా ఉన్నట్టే కనిపిస్తుంది, కానీ ఉండదు. అద్దం పలక మాత్రం సమంగా ఉంటుంది. అంచులకు టేపు అతికించుకుంటే చేతులు తెగవు.

లిక్విడ్ సిమెంట్ ఆవిరి మంచిది కాదు. కిటికీ తెరిచి పనిచేయండి, సీసా మూత ఎప్పటికప్పుడు బిగించండి.

ముందు చూడాల్సినవి

కత్తి పట్టుకునే ముందు మీ వ్యాగన్ ఏ కాలానిదో తేల్చుకోండి. ఈ ఏడు పలకల వ్యాగన్లలో చాలా భాగం బొగ్గు గనులవి, బొగ్గు వ్యాపారులవి. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు వాటి పక్కల మీద యజమాని పేరు పెద్ద అక్షరాలతో, ఎరుపు, నలుపు, పసుపు రంగుల్లో మెరిసేది. యుద్ధం మొదలయ్యాక వీటన్నిటినీ ప్రభుత్వం ఉమ్మడిగా వాడుకుంది, యజమానులకు రంగులు కొత్తగా వేయించే తీరిక లేదు. 1948లో జాతీయీకరణ జరిగి బ్రిటిష్ రైల్వేస్ చేతికి వచ్చాక నంబరు ముందు ‘పి’ అక్షరం చేరింది. కొన్నిటికి బూడిద రంగు పడింది. చాలావాటికి అసలు రంగే పడలేదు. వెలిసిన చెక్క మీద చిన్న నల్ల పట్టీ వేసి, దాని మీద నంబరు రాసి వదిలేశారు. ఒకే కిట్‌తో ఈ మూడు కాలాల్లో దేన్నైనా కట్టొచ్చు. నా ఓటు మూడోదానికి. వెలిసిన చెక్కకు రంగు వేయడంలో ఉన్న ఆనందం కొత్త పెయింటులో లేదు, చిన్న పొరపాట్లు కూడా అందులో కలిసిపోతాయి.

ఆ కాలపు అసలు వ్యాగన్ ఫొటో ఒకటి ఎదురుగా పెట్టుకోండి. కిట్ కాగితంలో స్పష్టంగా లేనిది ఫొటోలో కనిపిస్తుంది. ముఖ్యంగా బ్రేకు లీవరు ఎటు తిరిగి ఉంది, కొస తలుపు ఏ వైపు ఉంది అన్నవి.

తర్వాత స్ప్రూలను గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల డిష్‌వాష్ వేసి కడిగి ఆరబెట్టండి. అచ్చు నుంచి ముక్క తేలిగ్గా ఊడడానికి పూసిన జిడ్డు మిగిలి ఉంటే పెయింటు పట్టదు.

ముక్కలు కత్తిరించడం

అన్ని ముక్కలూ ఒకేసారి కత్తిరించి కుప్ప పోయకండి. ఇప్పుడు కావాల్సినవే కత్తిరించండి, మిగతావి స్ప్రూ మీద నంబర్ల పక్కనే ఉండనివ్వండి. కట్టర్‌ను ముక్కకు ఆనించి కోయకుండా ఒక మిల్లీమీటరు దూరంగా కోసి, మిగిలిన మొద్దును కత్తితో పలచగా చెక్కి, చివర ఆకురాయితో సాఫు చేయాలి. అచ్చు రెండు సగాలు కలిసిన చోట సన్నటి గీత ఉంటుంది. కత్తి వీపుతో గీకితే పోతుంది. లోపలి వైపు గుండ్రటి మచ్చలు కనిపిస్తాయి, అచ్చులోంచి ముక్కను తోసే పిన్నుల గుర్తులవి. బొగ్గు నింపుతారు కాబట్టి లోపల అడుగున ఉన్నవి వదిలేయొచ్చు, పైన కనిపించేవి ఎమెరీతో రుద్దండి.

పక్కలు, కొసలు కలిసే మూలలు కొన్ని కిట్లలో 45 డిగ్రీల వాలుతో ఉంటాయి. అక్కడ ఆకురాయి ఎక్కువసార్లు తగిలితే పెట్టె పొట్టిదైపోతుంది. ఒకటి రెండుసార్లు రాసి, జత చేసి చూసి, అవసరమైతేనే మళ్లీ రాయండి.

పెట్టె కట్టడం

ముందుగా ఒక పక్క, ఒక కొస తీసుకుని ‘ఎల్’ ఆకారంలో అద్దం మీద నిలబెట్టండి. మూలమట్టం లోపలి మూలకు ఆనించి చూడండి. లంబంగా ఉందనిపించాక బ్రష్షు కొసతో ఒక్క చుక్క సిమెంట్‌ను లోపలి వైపు అతుకుకు తాకించండి. అదే సందులోకి పాకుతుంది, పూయక్కర్లేదు. వేలు అతుకు మీద ఉంటే సిమెంట్ వేలి కిందకీ పాకి, ప్లాస్టిక్ మీద వేలిముద్ర పడుతుంది. కాబట్టి అతుకుకు దూరంగా పట్టుకోండి. ఇలాగే రెండో ‘ఎల్’ కూడా చేసి రెండింటినీ పదిహేను ఇరవై నిమిషాలు కదపకుండా వదలండి.

కొస తలుపు ఉన్న కిట్ అయితే ఇక్కడే ఆగి చూసుకోవాలి. బొగ్గు దించే చోట వ్యాగన్‌ను ఎత్తి వంచడానికి ఒక కొస తలుపుగా తెరుచుకుంటుంది. ఆ కొస ఏదో తెలియడానికి పక్కల మీద తెల్లటి ఏటవాలు గీత ఉంటుంది. గీత పైభాగం తలుపు ఉన్న వైపుకు చూపిస్తుంది. రెండు కొసల ముక్కలూ చూడ్డానికి దాదాపు ఒకేలా ఉంటాయి కాబట్టి తారుమారు చేయడం తేలిక.

రెండు ‘ఎల్’లను కలిపే ముందు నేల పలకను మధ్యలో పెట్టి చూడండి. నేల బిగుతుగా ఉంటే పక్కలు బయటికి ఉబ్బుతాయి, అప్పుడు నేల అంచును ఆకురాయితో తగ్గించాలి. వదులుగా ఉంటే పర్వాలేదు. కలిపాక రెండు మూలల మధ్య కర్ణాలు కొలవండి. రెండూ సమానంగా ఉంటే పెట్టె మూలలన్నీ లంబంగా ఉన్నట్టు.

ఒక హెచ్చరిక. లోపలి వైపు పలకలు చూపించడానికి కొందరు పలచటి ప్లాస్టిక్ షీటును పక్కలకు లోపల అతికిస్తారు. రెండు పొరల మధ్య చిక్కుకున్న సిమెంట్ ఆవిరి బయటికి పోవడానికి దారి లేక, నెలల తరబడి ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తూనే ఉంటుంది. పక్కలు లోపలికి వంగిపోతాయి. అలా అతికించాల్సి వస్తే లోపలి షీటుకు అక్కడక్కడా రంధ్రాలు వేయండి, సిమెంట్ అంచులకే తాకించండి. ఇంకా తేలికైన దారి షీటు మానేసి, పక్కల లోపలి ముఖం మీదే కత్తి వీపుతో పలకల గీతలు గీయడం.

చట్రం: ఇక్కడ తొందర వద్దు

చట్రంలో రెండు పొడవాటి దూలాలు ఉంటాయి, వాటినే సోల్‌బార్లు అంటారు. ఇరుసును పట్టుకునే డబ్ల్యూ-ఐరన్లు, స్ప్రింగులు, ఇరుసు కొసలను పట్టే ఆక్సిల్‌బాక్సులు అన్నీ సోల్‌బార్‌తో కలిపే అచ్చు పోసి ఉంటాయి. ఆక్సిల్‌బాక్స్ వెనక చిన్న గుంట ఉంటుంది. 2 మి.మీ. బిట్టుతో, చేత్తోనే, ఆ గుంటను బేరింగు పట్టేంత లోతు చేయండి. కరెంటు డ్రిల్ వాడితే ప్లాస్టిక్ కరుగుతుంది, లేదా బిట్టు ఆక్సిల్‌బాక్స్ ముందు ముఖంలోంచి బయటికొస్తుంది. బిట్టు నిటారుగా ఉండాలి. బేరింగు టోపీ అంచు డబ్ల్యూ-ఐరన్ లోపలి ముఖానికి ఆనేదాకా వెళ్లాలి. నాలుగు బేరింగులూ ఒకే లోతుకు దిగాయో లేదో కంటితో కాకుండా గోరుతో తడిమి చూడండి. వదులుగా ఉంటే బయటి అంచుకు సూపర్ గ్లూ చిన్న చుక్క సరిపోతుంది. గ్లూ బేరింగు లోపలికి వెళ్లిందా, ఆ బేరింగు ఇక పనికిరాదు.

ఇప్పుడు మొదటి సోల్‌బార్‌ను నేల కింద దాని స్థానంలో అతికించండి. మూలమట్టంతో నేలకు లంబంగా ఉందని చూసి, అరగంట వదిలేయండి. అది కదలకుండా ఉన్నాక రెండోది పెట్టండి. దానికి సిమెంట్ తాకించిన వెంటనే, ఇంకా మెత్తగా ఉండగానే, రెండు జతల చక్రాలనూ బేరింగుల్లోకి దూర్చి సోల్‌బార్‌ను లోపలికి నొక్కండి. ఎంత నొక్కాలి? ఇరుసు పక్కలకు కొద్దిగా, పావు మిల్లీమీటరు మేర కదలాలి. అస్సలు కదలకపోతే చక్రం బిగుసుకుంటుంది. మరీ ఎక్కువ కదిలితే సూది మొన గుంటలోంచి జారి వ్యాగన్ కుంగుతుంది.

సిమెంట్ గట్టిపడేలోగా మీకు కొన్ని నిమిషాల సమయం ఉంటుంది. మొత్తం పని ఆ నిమిషాల మీదే ఆధారపడి ఉంది. వ్యాగన్‌ను చక్రాల మీద అద్దం పలకపై నిలబెట్టండి. రెండు ఇరుసుల మధ్య దూరం రెండు పక్కలా కొలవండి, రెండూ 36 మి.మీ. రావాలి. ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ ఉంటే ఇరుసులు సమాంతరంగా లేవు, వ్యాగన్ ఎప్పుడూ ఒక పట్టా వైపు లాగుతుంది. తర్వాత పై నుంచి ఒక్కో మూలను వేలితో మెల్లగా నొక్కండి. ఏ మూల నొక్కినా టక్ మని కదలకూడదు. కదిలితే సోల్‌బార్‌ను కొద్దిగా సవరించి, పైన చిన్న బరువు పెట్టి, అద్దం మీదే రాత్రంతా వదిలేయండి.

మర్నాడు మళ్లీ పరీక్ష చేయాలి. నాలుగు సన్నటి కాగితం ముక్కలు నాలుగు చక్రాల కింద పెట్టి ఒక్కొక్కటిగా లాగండి. మూడు కాస్త పట్టుకుని వచ్చి, ఒకటి ఏ అడ్డూ లేకుండా జారి వచ్చిందంటే ఆ చక్రం గాల్లో ఉన్నట్టే. కాగితం మందం ఎంత అని తేలిగ్గా తీసుకోకండి. ఈ స్కేల్‌లో పట్టా లోపలి వైపుకు దిగే చక్రం అంచు లోతు ముప్పావు మిల్లీమీటరు కూడా ఉండదు, అందులో సగం పోతే పాయింట్ల దగ్గర చక్రం పైకెక్కడానికి అదే చాలు.

గట్టిపడ్డాక వంకర కనబడితే వ్యాగన్‌ను వేడినీళ్లలో ముంచి మెలితిప్పమనేవాళ్లు ఉన్నారు. నేనైతే ఆ సలహా ఇవ్వను, పెట్టె కూడా మెలికపడుతుంది. గాల్లో ఉన్న చక్రం వైపు బేరింగును ఊడదీసి, దాని గుంటను సన్నటి గుండ్రటి ఆకురాయితో కింది దిశగా కొంచెం సాగదీయండి. బేరింగును వదులుగా పెట్టి, చక్రాలు వేసి, వ్యాగన్‌ను అద్దం మీద నిలబెట్టండి. ఆ చక్రం తనంతట తాను కిందకి దిగి అద్దాన్ని తాకుతుంది. అప్పుడు బేరింగు చుట్టూ ఎపాక్సీ చుక్క పెట్టి గట్టిపడనివ్వండి.

నాలుగు కాళ్ల బల్ల ఊగుతుంది, మూడు కాళ్ల పీట ఎక్కడ పెట్టినా ఊగదు. ఇదే సూత్రంతో ఒక ఇరుసును స్థిరంగా ఉంచి, రెండోదాన్ని మధ్యలో పివట్ మీద అటూ ఇటూ ఊగేలా చేసే ఎచింగ్ డబ్ల్యూ-ఐరన్లు దొరుకుతాయి. చక్రం అంచు ఇంకా సన్నగా ఉండే పీ4 లాంటి ప్రమాణాల్లో ఇవి లేదా స్ప్రింగులు దాదాపు తప్పనిసరి. మామూలు ఓఓ లైనుకు, చట్రం జాగ్రత్తగా కడితే, అవసరం లేదు.

బ్రేకులు

చేతి బ్రేకు లీవరు వ్యాగన్‌కు రెండు పక్కలా ఉంటుంది. ఏ పక్కన నిలబడి చూసినా లీవరు పిడి మీ కుడిచేతి వైపుకే ఉండాలి. బ్రిటన్‌లో షంటింగ్ చేసే మనిషి ఏ పక్క ఉన్నా బ్రేకు వేయగలగాలని పెట్టిన ఏర్పాటు ఇది. సోల్‌బార్ నుంచి కిందకి వేలాడే ‘వీ’ ఆకారపు ముక్క, దాని నుంచి చక్రాల వైపుకు వెళ్లే కడ్డీలు, చివర బ్రేకు షూలు. ఇవి సన్నవి, స్ప్రూ నుంచి తీసేటప్పుడే విరుగుతాయి. కట్టర్ బదులు కత్తిని మెల్లగా ఒత్తి కోయండి.

ఇక్కడ ఓఓకు సొంతమైన ఒక చిక్కుంది. 4 మి.మీ. స్కేల్ ప్రకారం అసలు గేజ్ (రెండు పట్టాల మధ్య దూరం) 18.83 మి.మీ. రావాలి, ఓఓ పట్టాలు 16.5 మి.మీ. మాత్రమే. అంటే చక్రాలు ఉండాల్సిన చోటు కన్నా ఒక్కో పక్క మిల్లీమీటరు పైచిలుకు లోపలికి ఉంటాయి. స్కేల్ ప్రకారం అచ్చుపోసిన బ్రేకు షూలు చక్రానికి ఎదురుగా కాక, బయట గాల్లో వేలాడుతున్నట్టు కనిపిస్తాయి. కొన్ని కిట్లు దీన్ని ముందే సర్దుకుని ఉంటాయి. లేకపోతే షూలను కోసి, వెనక చిన్న ప్లాస్టిక్ ముక్క పెట్టి లోపలికి జరపండి. షూ చక్రం తిరిగే ముఖానికి ఎదురుగా ఉండాలి, తాకకూడదు. అతికించేటప్పుడు మధ్యలో సన్నటి అట్ట ముక్క పెట్టి, ఆరాక తీసేస్తే ఆ సందు దానంతట అదే వస్తుంది.

బఫర్లు, కప్లింగులు

బఫర్ (వ్యాగన్ కొసన తాకిడిని ఆపుకునే గుండ్రటి భాగం) మధ్యబిందువు పట్టా పై నుంచి సుమారు 14 మి.మీ. ఎత్తులో ఉండాలి. కొలిచేకన్నా, బాగా నడుస్తున్న ఇంకో వ్యాగన్‌ను ఎదురుగా పెట్టి బఫర్‌కు బఫర్ ఆనించి చూడడం తేలిక.

వ్యాగన్లను ఒకదానికొకటి తగిలించే కప్లింగ్ విషయంలో అందం, సౌకర్యం రెండూ ఒకచోట దొరకవు. బ్రిటిష్ ఓఓలో ఎక్కువగా కనిపించే టెన్షన్ లాక్ కొక్కెం చూడ్డానికి మొరటుగా ఉంటుంది, కానీ నెట్టినా లాగినా నమ్మకంగా పనిచేస్తుంది. అసలు వ్యాగన్ మీద ఉండేది మూడు గొలుసుకట్ల కప్లింగ్. మోడల్‌లో అది ఎంతో బాగుంటుంది, కానీ ప్రతిసారీ చిన్న కొక్కెంతో చేత్తో తగిలించాలి. 438 మి.మీ. రేడియస్ లాంటి బిగుతు వంపుల మీద వ్యాగన్లను వెనక్కి నెడితే బఫర్లు ఒకదాంట్లో ఒకటి చిక్కుకుంటాయి. గుండ్రంగా తిరిగే చిన్న లైను మీదైతే టెన్షన్ లాక్ వేయండి. పొడవాటి వంపులుండి, షంటింగ్ ఇష్టమైతే గొలుసు వేయండి.

బరువు

ఖాళీ ప్లాస్టిక్ వ్యాగన్ మరీ తేలిక. ఇరుసుకు 25 గ్రాముల లెక్కన నాలుగు చక్రాల వ్యాగన్‌కు 50 గ్రాములు అన్నది చాలామంది పాటించే లెక్క. అమెరికాలో హెచ్‌ఓ వాళ్లు పాటించే ఎన్‌ఎంఆర్‌ఏ (అక్కడి మోడల్ రైల్వే సంఘం) సిఫార్సు ఒక ఔన్సుకు తోడు ప్రతి అంగుళం పొడవుకూ అర ఔన్సు. ఆ లెక్కన మన 66 మి.మీ. పెట్టెకు 65 గ్రాములు వస్తుంది. ఏది ఎంచుకున్నా మీ రైలులో అన్ని వ్యాగన్లకూ ఒకటే లెక్క వాడండి. బరువైన వ్యాగన్ల మధ్య తేలికది ఇరుక్కుంటే వంపులో అవి దాన్ని పక్కకు లాగేస్తాయి.

సీసపు రేకునో, స్టీలు నట్లనో సోల్‌బార్ల మధ్య, నేల కింద అతికించండి. బరువు మధ్యలో, వీలైనంత కిందకి ఉండాలి. సీసాన్ని ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి. సీసపు గుళ్లను మాత్రం తెల్ల పీవీఏ జిగురుతో మూసిన చోట అతికించొద్దు. ఆ జిగురులోని ఆమ్లంతో సీసం చర్య జరిపి ఏళ్ల తరబడి ఉబ్బుతూ, చివరికి పెట్టెను పగలగొడుతుంది. ఎపాక్సీ వాడితే ఈ గొడవ ఉండదు.

రంగు

చక్రాలు ఊడదీసి, బేరింగుల్లో టిష్యూ ముక్కలు కుక్కండి. బేరింగులోకి పెయింటు వెళ్తే ఇప్పటిదాకా చేసిన పని దండగ. వ్యాగన్‌ను మరోసారి కడిగి ఆరబెట్టి, ప్రైమర్‌ను ఇరవై ముప్ఫై సెంటీమీటర్ల దూరం నుంచి పలచటి పొరలుగా కొట్టండి. ఒకే మందపాటి పొర వేస్తే పలకల మధ్య గీతలు పూడుకుపోతాయి.

వెలిసిన చెక్కకు గోధుమ రంగు వేయకండి. ఎండకు, వానకు ఆరుబయట ఉన్న చెక్క బూడిద రంగుకు మారుతుంది. లేత బూడిదలో కొద్దిగా లేత ఇసుక రంగు కలిపి మొత్తం పూయండి. తర్వాత ఒక్కో పలకకూ ఆ మిశ్రమాన్ని కొంచెం ముదురుగా, కొంచెం లేతగా మార్చి వేయండి. ఒకటి రెండు పలకలకు కొత్త చెక్క రంగు వేస్తే మరమ్మతు చేసిన వ్యాగన్‌లా ఉంటుంది. పాత యజమాని రంగు అక్కడక్కడా మిగిలినట్టు చూపాలంటే, ఆ రంగును దాదాపు ఆరిన బ్రష్షుతో పలకల మీద మాత్రం తుడిచినట్టు వేయాలి. ఇనుప పట్టీలు ముదురు తుప్పు గోధుమ. చట్రం పూర్తి నలుపుగా వదలకండి, మట్టి కలిసిన ముదురు గోధుమే నిజానికి దగ్గర.

బూడిద రంగు వ్యాగనే కావాలంటే, బ్రిటిష్ రైల్వేస్ కాలంలో వాక్యూమ్ బ్రేకు (ఇంజన్ నుంచే రైలంతటికీ పడే బ్రేకు) లేనివి బూడిద, ఉన్నవి బాక్సైట్ అనే ఎర్ర గోధుమ. మనది చేతి బ్రేకు వ్యాగన్ కాబట్టి బాక్సైట్ వేయకూడదు.

నంబర్లు నీటి ట్రాన్స్‌ఫర్లతో వేస్తాం. మ్యాట్ పెయింటు గరుకుగా ఉంటుంది, దాని మీద నేరుగా అతికిస్తే కింద గాలి చిక్కుకుని వెండిలా మెరుస్తుంది. అందుకే ఆ చోట ముందు మెరిసే (గ్లాస్) వార్నిష్ పూసి, ఆరాక ట్రాన్స్‌ఫర్ జార్చి, పలకల సందుల్లోకి అణగడానికి సాఫ్ట్‌నర్ ద్రవం రాయండి. ఒక రోజు ఆరాక మొత్తం మీద మ్యాట్ వార్నిష్ కొడితే మెరుపు పోతుంది. తెల్ల ఏటవాలు గీత వేయడం మర్చిపోకండి, దాని దిశ తలుపు వైపుకే.

మురికి పట్టించడం చివరి పని. బాగా పలచన చేసిన నల్ల గోధుమ పెయింటును మొత్తం పూసి, ఒక నిమిషం తర్వాత గుడ్డతో పై నుంచి కిందకి తుడవండి. సందుల్లో మిగిలిపోయేదే కావాల్సిన మురికి. చక్రాల ముఖాలకూ అదే రంగు, కానీ పట్టాను తాకే భాగం మీద చుక్క కూడా ఉండకూడదు. చక్రాల ముఖాల మీద నల్లటి మెరుపు వదిలేస్తే మిగతా పనంతా బొమ్మలా కనిపిస్తుంది.

బొగ్గు

నిజమైన బొగ్గును గుడ్డలో చుట్టి సుత్తితో నలిపి, జల్లెడ పట్టండి. పెట్టె లోపలికి వదులుగా పట్టేలా ఫోమ్ ముక్క కోసి, దాని పై భాగాన్ని కాస్త గుట్టలా చెక్కి, నల్ల రంగు వేసి, పీవీఏ పూసి బొగ్గు చల్లండి. ఇక్కడ పీవీఏ పర్వాలేదు, సీసం తగలకుండా చూసుకుంటే చాలు. ఫోమ్‌ను అతికించకండి. బొగ్గు ఊడదీయగలిగితే అదే వ్యాగన్ గని వైపు ఖాళీగా, తిరుగు ప్రయాణంలో నిండుగా వెళ్తుంది.

పట్టాల మీద పరీక్ష

ముందుగా కొద్దిగా వాలిన పట్టా మీద వదలండి. సొంతంగా దొర్లి, మెల్లగా ఆగాలి. తర్వాత ఇంజన్ ముందు పెట్టి, అంటే నెడుతూ, మీ లైనులో ఉన్న పాయింట్లన్నిటి గుండా నడపండి. లాగితే దాగే లోపాలు నెడితే బయటపడతాయి. ఆ తర్వాత రైలు మధ్యలో తగిలించి తిప్పండి.

ఎప్పుడూ ఒకే చక్రం పట్టా తప్పుతుంటే చట్రం మెలికపడి ఉంది, కాగితం పరీక్షకు తిరిగి వెళ్లండి. ఏ చక్రమైనా సరే, ప్రతి పాయింట్ దగ్గరా ఎగురుతుంటే చక్రాల లోపలి దూరం తేడాగా ఉంది, గేజ్ పెట్టి చూడండి. వంపుల్లో మాత్రమే తప్పుతుంటే కప్లింగ్ బిగుసుకుంటోందా, బఫర్లు తగులుతున్నాయా అని చూడాలి. సమమైన పట్టా మీదే ఊగుతూ నడిస్తే చక్రం ఇరుసు మీద వాలి ఉంది, ఆ జత మార్చేయండి. బాగా దొర్లిన వ్యాగన్ రంగు వేశాక బరువుగా కదిలితే అనుమానం లేదు, బేరింగులోకి పెయింటు వెళ్లింది. చక్రాలు ఊడదీసి, ఆ పెయింటును సూది మొనతో గీకి తీయండి.

అన్నీ సరిపోయాక వ్యాగన్ తిప్పి నేల కింద పెన్సిల్‌తో మొత్తం బరువు, చక్రాల రకం, వాడిన పెయింటు మిశ్రమం రాసి పెట్టుకోండి. ఇదే కిట్ మళ్లీ కట్టేటప్పుడు కొలతలు వెతుక్కునే పని ఉండదు, రెండోదానికి నంబరు మాత్రం మార్చండి.